గడప దగ్గర జోళ్లు: జంగ్లీఘాట్ నుంచి పాదరక్షల చరిత్ర

జంగ్లీఘాట్‌లో పండుగనాడో పెళ్లినాడో ఏ తెలుగువారి ఇంటికి వెళ్లినా ముందుగా మనల్ని పలకరించేవి గడప బయట విడిచిన పాదరక్షలు. చేపల రేవు నుంచి నేరుగా వచ్చినవారి రబ్బరు చెప్పులు, కార్యాలయం నుంచి వచ్చిన గుమాస్తాగారి నల్ల బూట్లు, కళాశాల కుర్రవాని తెల్లని కాన్వాసు జోళ్లు, పెద్దాయన తోలు చెప్పులు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. లోపల ఎవరి పీట వారికున్నా, బయట మాత్రం అన్ని జోళ్లూ ఒకే నేల మీద నిలుస్తాయి. ఈ దృశ్యం మనకు ఎంతో సహజంగా తోస్తుంది. కాని ఎవరు ఏ జోడు తొడగవచ్చును, ఎవరి ఎదుట విడవవలెను, ఎవరి వీధిలో చేతపట్టుకొని నడవవలెను అనే ప్రశ్నలపై మన దేశంలో శాసనాలు, ఆచారాలు, వివాదాలు ఎన్నో నడిచాయి. ఆ వరుస అంత సులభంగా ఏర్పడినది కాదు.

నేడు ఉద్యోగస్థుడైన యువకుడు అడిగే ప్రశ్న చిన్నది. కార్యాలయానికీ, సాయంకాలపు సభకూ, స్నేహితుని ఇంటి విందుకూ పనికివచ్చే జోడు ఏది? పూర్తి లాంఛనమూ కాక, పూర్తిగా ఇంటి వేషమూ కాక, నడిమి తరహాలో ఉండే నేటి పురుషుల దుస్తులకు ఏది నప్పుతుంది? ఈ ప్రశ్నకు దుకాణదారు ఒక సమాధానం చెబుతాడు. చరిత్ర మరికొంత లోతైన సమాధానం చెబుతుంది. ఆ రెండో సమాధానాన్ని వెదకడమే ఈ వ్యాస ప్రయత్నం.

పావుకోళ్లు, ముచ్చెలు, కిర్రు చెప్పులు

తెలుగులో పాదరక్షకు పేర్లు అనేకం. చెప్పులు, జోళ్లు, ముచ్చెలు, పావుకోళ్లు అని ఒక్కొక్క రూపానికి ఒక్కొక్క మాట ఉన్నది. పావుకోళ్లు కొయ్యతో చేసినవి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య గుబ్బ పట్టుకొని నడిచే ఈ జోడులో తోలు లేదు కనుక మడికి భంగం లేదని యతులు, పండితులు వీటినే వాడేవారు. తోలు చెప్పుల్లో కిర్రు చెప్పులది ప్రత్యేక స్థానం. అడుగు పొరల మధ్య ఒరిపిడి వల్ల పుట్టే ఆ శబ్దం మనిషి కంటె ముందు వీధిమలుపు తిరిగేది. వచ్చేది ఊరిపెద్ద అని వినేవారికి తెలియాలి, తెలిసి పక్కకు తొలగాలి. జోడు కాలికి రక్ష మాత్రమే కాదు, హోదాకు చాటింపు కూడా అనడానికి ఆ కిర్రుశబ్దమే సాక్ష్యం.

అయితే మన సంప్రదాయంలో పాదరక్షకు పూజ్యస్థానం కూడా ఉన్నది. రామాయణంలో భరతుడు సింహాసనం మీద నిలిపినవి అన్నగారి పాదుకలు. తిరుమల కొండ అడుగున అలిపిరిలోని పాదాల మండపంలో భక్తులు స్వామివారి పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణం చేయడం నేటికీ చూస్తాము. స్వామి రాత్రివేళ కొండ దిగి నడుస్తాడని, అందువల్ల ఆయన చెప్పులు అరిగిపోతాయని, చర్మకార భక్తుడు కొత్తవి కుట్టి సమర్పిస్తాడని జనశ్రుతి. దేవుని చెప్పులు నెత్తిన పెట్టుకున్న సమాజమే వాటిని కుట్టిన చేతిని దూరంగా నిలిపింది. ఈ వైరుధ్యమే మన పాదరక్షల చరిత్రకు కేంద్రం.

లంద దగ్గర పుట్టిన జోడు

పాత తెలుగు గ్రామంలో వ్యవసాయం మాదిగవాడ లేకుండా ఒక్కరోజు కూడా నడిచేది కాదు. చచ్చిన పశువు తోలును ఒలిచి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ లందలో ఊరవేసి, వారాల తరబడి శ్రమిస్తే గాని పనికివచ్చే తోలు తయారయ్యేది కాదు. ఆ తోలుతో రైతుకు చెప్పులే కాదు, బావి నుంచి నీళ్లు తోడే మోట బొక్కెన, ఎద్దులకు పట్టెడలు, చర్నకోల, చాటింపుకు డప్పు అన్నీ అమరేవి. ప్రతిఫలంగా పంట కళ్లంలో మేర కింద కొంత ధాన్యం దక్కేది. తంగేడు పువ్వు నేడు తెలంగాణ రాష్ట్రపుష్పం. బతుకమ్మలో దానికి పెద్దపీట. అదే చెట్టు బెరడు శతాబ్దాల పాటు మన కాళ్లకు రక్షణ ఇచ్చిందన్న సంగతి చాలామంది ఎరుగరు.

ఆరె, రంపె పట్టి ఊరందరికీ చెప్పులు కుట్టినవాడు తాను మాత్రం అగ్రవర్ణాల వీధిలో చెప్పులు తొడుక్కొని నడవరాదనేది అనేక గ్రామాల్లో అమలైన కట్టుబాటు. పొలిమేర వరకు తొడుక్కొని వచ్చి, వీధి మొదట్లో విడిచి, చేతపట్టుకొని, మళ్లీ అవతలి కొసన తొడుక్కోవాలి. మండువేసవిలో ఆ నేల మీద నడిచిన పాదాల బాధ ఏ గ్రంథంలోనూ పూర్తిగా నమోదు కాలేదు. 1941లో వెలువడిన గుర్రం జాషువా ‘గబ్బిలం’ కావ్యం ఆ లోటును కొంత తీర్చింది. ప్రబంధనాయకుల స్థానంలో అరుంధతీ సుతుడైన ఒక నిరుపేద చర్మకారుణ్ణి నిలిపి, మేఘానికి బదులు గబ్బిలం చేత కాశీ విశ్వనాథునికి సందేశం పంపించిన ఆ కవి, లోకానికి చెప్పులు తొడిగిన మనిషి నిలువ నీడ లేక ఎట్లా బతుకుతున్నాడో సాహిత్యలోకానికి తేటతెల్లం చేశాడు.

ఇది గతించిన కథ అనుకోవడానికి వీలులేదు. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణలో, బహిరంగ ప్రదేశాల్లో పాదరక్షలు గాని కొత్తబట్టలు గాని ధరించనీయక అడ్డుకోవడాన్ని స్పష్టంగా పేరుపెట్టి నేరంగా చేర్చవలసి వచ్చింది. ఇరవై ఒకటవ శతాబ్దిలో ఒక చట్టం చెప్పుల పేరెత్తవలసి రావడం గురించి అధికారులు, పాఠకులు ఒక్కక్షణం ఆలోచించాలి.

దొరవారి ఎదుట బూట్లు

గ్రామంలో ఏ రీతి అవమానాన్ని కొందరు మరికొందరి మీద మోపారో, దాన్నే ఆంగ్లేయ ప్రభుత్వం మొత్తం దేశీయుల మీద మోపింది. 1823 నుంచి 1828 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్న ఆమ్‌హరెస్ట్ తన ఎదుటికి వచ్చే భారతీయులు పాదరక్షలు విడవాలని పట్టుపట్టాడు. డల్హౌసీ కాలానికి ఈ నియమం మరింత బిగిసింది. ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రవేశించే భారతీయుడు జోళ్లు విడవాలి. ఐరోపా దుస్తులు వేసుకున్నవారికి మాత్రం మినహాయింపు. అంటే దేశీయ చెప్పు మర్యాదలేనిది, విలాయతీ బూటు మర్యాదస్తురాలు. 1862లో సూరత్ న్యాయస్థానంలో అసెసరుగా ఉన్న మానిక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్శీ పెద్దమనిషి జడ్జి ఎదుట జోళ్లు విడవడానికి నిరాకరించాడు. ఆ వివాదం పత్రికలకు ఎక్కింది. చెప్పులు విడవడం మా ఇళ్లలో, గుళ్లలో ఆచారమేగాని, కచేరీలో మీకు చేయవలసిన దాస్యం కాదన్నది నాటి వాదం. ఒకే చర్య గుడి ముందు భక్తి, అధికారి ముందు అణకువ. తేడా పాదంలో లేదు, బలవంతంలో ఉన్నది.

దక్షిణాదిన తోలు మరొక అలజడికి కారణమైంది. 1806 జూలై 10న వెల్లూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడడానికి గల కారణాల్లో కొత్త తలపాగాకు తోలు కుచ్చు తగిలించాలన్న ఆజ్ఞ ఒకటి. ఉత్తరాదిలో సిపాయికి ‘తిలంగా’ అనే పేరే స్థిరపడేంతగా ఆంగ్లేయుల తొలి పటాలాల్లో తెలుగువారు ఉండేవారు. నాటి చిత్రాల్లో మద్రాసు సిపాయిలు ఎర్రకోటు తొడిగి, కాళ్లకు మాత్రం బూటు బదులు చెప్పులతో కనిపిస్తారు. పైన విలాయతీ, కింద స్వదేశీ.

ఆ తర్వాతి తరంలో ఈ వరుస తిరగబడింది. పందొమ్మిదవ శతాబ్ది చివరినాటి ఛాయాచిత్రాల్లో మన వకీళ్లు, ఉపాధ్యాయులు తలపాగా, కోటు, పంచె ధరించి, కాళ్లకు బూట్లు వేసుకున్నారు. ఈ మిశ్రమవేషాన్ని ఆనాడు కొందరు ఎగతాళి చేశారు. కాని నేటి నడిమి తరహా దుస్తులకు ఆదిరూపం ఇదే అనిపిస్తుంది. తన అలవాటును పూర్తిగా వదులుకోకుండా, కాలం కోరిన మర్యాదనూ కాదనకుండా మనిషి తానే కుదుర్చుకున్న రాజీ అది.

జోడు విలువను మరోవైపు నుంచి చూపినవాడు గాంధీజీ. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో ఆయన స్వయంగా చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. తనను జైలుకు పంపిన జనరల్ స్మట్స్‌కు తాను కుట్టిన ఒక జతను కానుక చేశాడు. 1939లో గాంధీజీ డెబ్బయ్యవ పుట్టినరోజు సందర్భంగా స్మట్స్ వాటిని భద్రంగా తిరిగి పంపాడు. అల్పమని లోకం ఎంచిన పని అధికారి ఇంట గౌరవవస్తువు కావడం అక్కడ చూస్తాము.

ఇనుప కడ్డీ నుంచి రబ్బరు చెప్పు వరకు

ఈ ద్వీపాల్లో పాదాల చరిత్ర ఇనుముతో మొదలైంది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. 1896లో పని మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో శిక్ష కింద ఖైదీల కాళ్లకు ఇనుప కడ్డీల బేడీలు తగిలించేవారు. 1922–24 నాటి మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరు ఈ తీరానికి వచ్చారు. వారిలో గాం మల్లుదొర శిక్ష ముగించుకొని తిరిగివెళ్లి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. బేడీలు మోసిన కాళ్లు పార్లమెంటు మెట్లు ఎక్కిన ఘనత ఆయనది.

స్వాతంత్ర్యం తరువాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మత్స్యకారులు, కూలీలు, చిన్న వ్యాపారులు, ఉద్యోగులు ఓడల మీద వచ్చి స్థిరపడ్డారు. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది, తెలుగు మాతృభాషగా గలవారు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో జంగ్లీఘాట్ వారికి ముఖ్యమైన నెలవు. ఖైదీల కాలంలోనే కులాంతర, మతాంతర వివాహాల వల్ల ‘లోకల్ బార్న్’ అనే కొత్త సమాజం ఏర్పడిన నేల ఇది. కొత్త ఊరిలో పాత పొలిమేరలు లేవు. ఈ వీధికి చెప్పులు విడిచి రావాలని చెప్పే పాత వీధి కూడా లేదు. కుల భేదాలు ఓడ ఎక్కకుండా ఆగిపోయాయని అనలేము గాని, అవి నిలదొక్కుకోవడానికి కావలసిన నేల ఇక్కడ తక్కువ.

ఈ సమత్వానికి దోహదం చేసిన మరొక వస్తువు రబ్బరు. 1934లో బాటానగర్ వెలసిన తరువాత మన దేశంలో యంత్రాల మీద తయారైన చౌక జోళ్లు విస్తరించాయి. కాన్వాసు బూటు బడిపిల్లల కాళ్లకు ఎక్కింది. ఆపైన వచ్చిన హవాయి చెప్పు ఇంటింటా చేరింది. ఉప్పునీటికి పాడు కాదు, బురద కడిగితే పోతుంది, ధర అందుబాటులో ఉంటుంది. కిర్రుమని శబ్దం చేయని ఆ చెప్పు తొడుక్కున్నవాడి కులం చెప్పదు, హోదా చెప్పదు. రేవులో చేపలబుట్ట దించేవానికీ, వాటిని కొనడానికి వచ్చిన అధికారికీ అదే చెప్పు.

తెనాలి దగ్గరి పల్లె, మద్రాసులోని ప్రయోగశాల

తోలుపనిని అంటరాని వృత్తిగా చూసిన దేశంలో దాన్ని విజ్ఞానశాస్త్రంగా నిలిపినవారిలో అగ్రగణ్యుడు తెలుగువాడు కావడం మనకు గర్వకారణం. అంతకుముందే, 1903 ప్రాంతంలో, మద్రాసు కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోం లవణాలతో తోలు పదును చేసే ప్రయోగాలు చేశాడు. మోట బొక్కెనలు నీటిలో త్వరగా చివికిపోకుండా చేయడం ఆయన ఉద్దేశాల్లో ఒకటి. తంగేడు చెక్కతో వారాలు పట్టే పని క్రోంతో ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. ఆ తోలు మెత్తగా ఉండి తడికి తట్టుకుంటుంది. చెన్నై పక్కనున్న క్రోంపేటకు ఆ పేరు అక్కడి క్రోం తోళ్ల కర్మాగారం వల్లనే వచ్చింది.

1922లో తెనాలి సమీపంలోని యలవర్రులో రైతు కుటుంబంలో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ ఈ రంగాన్నే తన జీవితవిద్యగా ఎంచుకున్నారు. 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు సంచాలకులుగా ఉండి, దాన్ని ప్రపంచం గుర్తించే స్థాయికి తెచ్చారు. అనంతరం శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి ప్రధాన సంచాలకులయ్యారు. పరిశోధన ఫలితం ప్రయోగశాలలో ఆగిపోక లంద దగ్గర పనిచేసే మనిషికి చేరాలన్నది ఆయన తపన. 1985 జూన్ 23న ‘కనిష్క’ విమాన దుర్ఘటనలో ఆయన మరణించడం దేశానికి తీరని లోటు.

ఆ సంస్థే 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా లక్షమందికి పైగా ప్రజల పాదాలను కొలిచింది. మన పాదాలు ముందుభాగంలో ఐరోపావారి పాదాల కంటె వెడల్పైనవని తేలింది. ఇంతకాలం ఆంగ్లేయుల కొలతల్లో తయారైన బూట్లలో మనం వేళ్లను ఇరికించుకుంటున్నామన్నమాట. అందుకే ‘భ’ అనే భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. కచేరీలో జోడు విడవమన్న కాలం నుంచి మన పాదానికి మన కొలతే ఉండాలన్న కాలానికి రావడానికి శతాబ్దమున్నర పట్టింది.

పనివాని జోడే సభకు వచ్చింది

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. నడిమి తరహా దుస్తులకు నేడు లోకమంతటా వాడే జోళ్ల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఒక విశేషం కనబడుతుంది. అవన్నీ శ్రమజీవుల, సైనికుల, నావికుల పాదాల నుంచి వచ్చినవే. లేసు పట్టీలు విడివిడిగా తెరుచుకొనే డెర్బీ తరహా జోడుకు మూలం నెపోలియన్ కాలపు ప్రష్యా సేనాని బ్లూషర్ తన సైనికులకు వేయించిన బూటు అంటారు. లేసు లేని లోఫర్, నార్వేలోని ఔర్లాండ్ ప్రాంతపు పల్లెవాసుల జోడు. 1936లో ఒక అమెరికా సంస్థ దాన్ని ‘వీజన్స్’ పేరుతో విపణిలో ప్రవేశపెట్టింది. తడిసిన ఓడ బల్లపై జారకుండా అడుగున సన్నని గాట్లు గల పడవ జోడును 1935లో పాల్ స్పెర్రీ రూపొందించాడు. మంచు మీద జారకుండా పరుగెత్తిన తన కుక్క పాదాలను చూసి ఆ ఊహ కలిగిందట. చీలమండ వరకు వచ్చే ‘డెజర్ట్ బూటు’ను 1950లో ప్రసిద్ధికి తెచ్చిన నాథన్ క్లార్క్ 1941లో మన పొరుగునున్న బర్మాకు వచ్చిన సైనికాధికారి. కైరో బజారులో కొన్న జోళ్లను తోటి అధికారులు తొడుక్కోవడం చూసి దాన్ని రూపొందించాడు.

కాబట్టి ఎక్కడికైనా పనికివచ్చే జోడు అంటే, పనిలో నిగ్గుతేలి ఆపైన సభాప్రవేశం సంపాదించుకున్న జోడు. ఈ సూత్రం జంగ్లీఘాట్‌కు చక్కగా సరిపోతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, ఏడాది పొడవునా గాలిలో తేమ, సముద్రపు ఉప్పు, తడిసిన మెట్లు, ఎక్కిదిగే వీధులు గల ఊరు ఇది. తోలు అడుగు గల ఖరీదైన బూటు ఇక్కడ ఒక్క వానకాలం నిలవడం కష్టం. అడ్డపెట్టెలో పెట్టి మరచిపోతే నెలలోపల బూజు పట్టి కనిపిస్తుంది.

నా దృష్టిలో మన ఉద్యోగికి రెండు జతలు చాలు. మొదటిది ముదురు గోధుమ రంగు డెర్బీ. క్రోం తోలు పైభాగం, గాట్లున్న రబ్బరు అడుగు, వెడల్పైన ముందుభాగం ఉండాలి. పట్టీలు విడివిడిగా తెరుచుకుంటాయి కనుక వెడల్పు పాదానికి, సాయంత్రానికి ఉబ్బే పాదానికి ఇది సుఖం. నలుపు కచేరీకే పరిమితం. గోధుమరంగు మాత్రం నూలు ప్యాంటుకు, జీన్సుకు, ఖాదీ చొక్కాకు సమానంగా నప్పుతుంది. రెండోది లేసు లేని లోఫర్. గుడి, మసీదు, స్నేహితుని ఇల్లు అని రోజుకు ఎన్నిసార్లు జోడు విడిచి తొడుక్కుంటామో లెక్కపెడితే ఇది మన జీవనానికి ఎంత తగినదో తెలుస్తుంది. గడప దగ్గర వంగి లేసులు విప్పేవాని కోసం వెనుకవారు వేచి ఉండనక్కరలేదు. వెల్వెట్టు వంటి నూగుతోలు మాత్రం ఇక్కడి వానకు తగదు.

కొనేటప్పుడు సాయంకాలం వెళ్లాలి, రెండు పాదాలకూ తొడిగి నిలబడి నడిచి చూడాలి, పొడవుతో పాటు వెడల్పు చూడాలి. ఒక జతను వరుసగా రెండురోజులు తొడగరాదు. తడిస్తే లోపల పాతకాగితం కూరి నీడన ఆరబెట్టాలి గాని ఎండలో పెట్టరాదు. చెప్పులరిగేలా కార్యాలయాల చుట్టూ తిరగడమనే నానుడి తెలిసిన అధికారులకు మరొక మాట విన్నవించాలి. జోడు అరగడం తిరిగేవాని తప్పు కాకపోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది, అడుగు మార్పించుకోవడానికి వీలుండే జోడు కొనడం. మూల కూర్చొని ఆరె పట్టిన మనిషి దగ్గర అడుగు మార్పిస్తే జోడు మరికొన్నేళ్లు నిలుస్తుంది, అతని ఇంట పొయ్యి వెలుగుతుంది. 2025 జూన్‌లో ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ తన ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులను పోలినవాటిని చూపి, మనదేశంలో నిరసన రేగిన తరువాత వాటి మూలాన్ని అంగీకరించింది. 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందిన చెప్పులవి. పరాయివాడు కుట్టేవారి పేరు చెప్పలేదని మనం కోపించడం న్యాయమే. మన వీధిమూలన కుట్టేవాని పేరు మనకు తెలుసునా అన్నది కూడా అడుగవలసిన ప్రశ్నే.

జంగ్లీఘాట్ గడప దగ్గరి వరుసలో మనం ఏ జతను విడిచినా, దాని వెనుక లంద దగ్గర నిలిచిన కాళ్లు, ఇనుపకడ్డీ మోసిన కాళ్లు, చెప్పులు చేతపట్టుకొని నడిచిన కాళ్లు ఉన్నాయి. ఏ వీధిలోనైనా తలెత్తుకొని తొడుక్కొని నడవగలగడం, ఏ గడప దగ్గరైనా ఇష్టపూర్వకంగా విడవగలగడం, ఈ రెండూ కలిసినదే మర్యాద. జోడు ఎంపిక ఆ తరువాతి మాట.